రగ్గు కథలో నేను వదిలేసిన మనిషి

లాప్‌టాప్‌ని రగ్గులో పెట్టుకుని తొడలు కాచుకున్న పెద్దమనిషి కథ మన్యంలో కాఫీ సంఘాల చుట్టూ తిరిగేవాళ్లలో చాలామంది వినే ఉంటారు. పాడేరులో శిక్షణ తరగతులు జరిగితే టీ తాగే వేళకి ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఆ పెద్దమనిషిని నేనే. ఆ కథ మొదట చెప్పిందీ నేనే. చెప్పిన ప్రతిచోటా జనం నవ్వారు, వాళ్లతోపాటు నేనూ నవ్వాను. తన మీద తానే జోకు వేసుకునేవాణ్ని ఎవరూ నిలదీయరు.

అందులో ఒక మనిషి ఉండాలి. నేను తీసేశాను. ఆ లాప్‌టాప్ పాడైన చలికాలంలో మా ఆఫీసులో కంప్యూటర్ పని చూసిన ఆమె. నా మాట వల్ల ఆమె తన సొంత ఊళ్లలో నమ్మకం పోగొట్టుకుంది. కథ విని నవ్వినవాళ్లకి ఈ భాగం తెలియదు. వాళ్లు విన్న తెలుగులోనే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రాస్తే గుండె తేలికవుతుందన్న ఆశ ఏమీ లేదు.

నాది శృంగవరపుకోట దగ్గర పల్లె. ఉద్యోగం జి.మాడుగులలో, కాఫీ, మిరియాలు పండించే రైతుల సంఘంలో. సంఘం ఆఫీసు అంటే రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో రెండు టేబుళ్లు, ఒక బీరువా, మూలన గోనె సంచులు. వెనక గదిలో నేనుండేవాణ్ని. భార్యా పిల్లలు కింద శృంగవరపుకోటలో. నెలకో రెండు నెలలకో దిగి వెళ్లి వచ్చేవాణ్ని. అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఆమెది పైన కొండ మీద ఊరు. పాడేరులో డిగ్రీ చదివి, పెళ్లి చేసుకుని, మళ్లీ పుట్టిన ఊళ్లోనే కాపురం పెట్టింది. ఇంటి భాష కువి. తెలుగు మా అందరిలాగే మాట్లాడుతుంది. మా సంఘంలో కొండలెక్కే కాళ్లు, కంప్యూటర్ తెలిసిన వేళ్లు రెండూ ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ముందు తాత్కాలికంగా తీసుకున్నాం. ఆ ఏడు కంప్యూటర్ పని పూర్తిగా ఆమెకే అప్పగించాలని కమిటీలో అనుకున్నారు.

ఆ ఏడు పెద్ద పని ఫొటోలు. మా కాఫీ కొనేవాళ్లు ఎరువులూ మందులూ వేయని తోటలని ధ్రువపత్రం అడిగారు. దానికి ప్రతి తోట ఫొటో కావాలి, తోట గట్టు మీద దాని మనిషి నిలబడి ఉండాలి. వినడానికి చిన్న పనే. కాని పై ఊళ్లలో ఎవరైనా ఫోన్ పట్టుకుని పొలం గట్టు మీదకి వస్తే జనం అనుమానంగా చూస్తారు. కొలతలకి వచ్చినవాళ్లు వెళ్లాక ఏదో ఒకటి పోవడం వాళ్లు చూసి ఉన్నారు. ఫొటో తీసి భూమి ఎవరికో రాసిచ్చేస్తారని భయం. మొదట నేను వెళ్తే ఒక్కరూ గట్టెక్కలేదు. తర్వాత ఆమె వెళ్లింది. "నాను మీ గుంటనే కదా, మీ ఆడపిల్లనే, నా ముందు నిలబడ్డానికేటి" అని ఒక్కొక్కరినీ బతిమాలి నిలబెట్టింది. ఆ చలికాలం మొదలయ్యేసరికి చాలా ఊళ్లు పూర్తి చేసింది. ఫోన్లో జాగా చాలదు కాబట్టి లాప్‌టాప్‌లోకి ఎక్కించగానే ఫోన్లోవి తీసేయమని చెప్పింది నేనే.

ఇక రగ్గు. ఆ డిసెంబరులో పాడేరు రోడ్డు పక్కన పరిచి అమ్ముతుంటే ముదురు ఎరుపు రగ్గు ఒకటి కొన్నాను. చవకది. ముట్టుకుంటే చేతికి నూగు అంటుకునేది. మైదానంలో పుట్టినవాణ్ని, ఇన్నేళ్లొచ్చినా ఇక్కడి చలి నాకు అలవాటు కాలేదు. పొద్దు గూకగానే వెనక గదిలో మంచం మీద గోడకి చేరబడి, కాళ్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, నడుం దాకా రగ్గు కప్పుకునేవాణ్ని. తెర, నా చేతులు మాత్రం బయటికి. అడుగు వేడెక్కేకొద్దీ తొడలకి హాయిగా ఉండేది. రిపోర్టులు రాస్తున్నానని చెప్పేవాణ్ని. కొన్ని రాసేవాణ్ని. ఎక్కువగా పాత సినిమాలు చూసేవాణ్ని.

సంక్రాంతి దాటాక లాప్‌టాప్ ఒక్కసారిగా నెమ్మదించింది. ముందు రోజు దాకా బాగానే ఉంది. ఆ రోజు పట్టిక ఒకటి తెరవమంటే అది తెరుచుకునేలోపు నేను పెరట్లోకి వెళ్లి పళ్లు తోముకుని వచ్చాను. టైపు చేస్తే అక్షరాలు ఆగి ఆగి, ఒకదాని వెనక ఒకటి పడేవి. బాణం గుర్తు కదిలేది, నొక్కితే పలికేది కాదు. లోపల ఫ్యాను మిక్సీలా అరిచి, కాసేపటికి ఊపిరి ఆగినట్టు ఆగిపోయేది.

ఆమె పొద్దున వచ్చి మీద చెయ్యి వేసి చూసింది.

"సార్, దీనికి జొరమేటి? ఒల్లు కాలిపోతంది."

"నవ్వులాటగా ఉందా? బేగి ఆ పట్టిక తియ్యి" అన్నాను.

మా బావమరిది విజయనగరంలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చూస్తాడు. వాడికి ఫోన్ చేశాను.

"బావా, ముందు దాన్ని పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చెయ్యి."

"చేశాను."

"మూత వేసి తియ్యడం కాదు బావా. ఆపడం. అసలు ఆపి ఎన్నాళ్లయింది?"

ఆలోచించాను. నేనెప్పుడూ ఆపినట్టు గుర్తు రాలేదు.

"మా అక్క నీతో ఎలా వేగుతోందో గాని..." అని వాడు నిట్టూర్చి, ఏవి నొక్కాలో ఒక్కొక్కటే చెప్పాడు. ఆపి తెరిచాను. ఓ పావుగంట బాగుంది, మళ్లీ అంతే. ఆన్ చేయగానే వాటంతటవే తెరుచుకునేవన్నీ కట్టేయమన్నాడు, కట్టేశాను. వైరస్ ఉందేమో వెతకమన్నాడు. అది ఒక రోజంతా వెతికి ఏమీ లేదని చెప్పింది. తర్వాత వాడే అడిగాడు.

"అడుగు వేడెక్కుతోందా?"

"కొంచెం."

"ఎక్కడ పెట్టి వాడుతున్నావు? మంచం మీదా, దుప్పట్ల మీదా పెట్టడం లేదు కదా? అడుగున గాలి ఆడే కన్నాలుంటాయి, అవి మూసుకుపోతే చచ్చిపోద్ది."

"ఛ, టేబుల్ మీదే" అన్నాను.

ఎందుకన్నానంటే, నిజం చెబితే వాడు వాళ్ల అక్కకి చెబుతాడు. యాభైకి దగ్గరపడ్డవాడు ఆఫీసు లాప్‌టాప్‌ని కుంపటిలా ఒళ్లో పెట్టుకున్నాడని అత్తారింట్లో అందరూ నవ్వుతారు. ఆ నవ్వుకి భయపడి అబద్ధమాడాను. ఆ తర్వాత ఊరూరా నేనే చెప్పి నవ్వించాను. అప్పుడు దాని వల్ల నాకు లాభం ఉంది, అంతే తేడా.

"అయితే లోపల చెత్త పేరుకుని ఉంటుంది. అక్కర్లేని ఫైళ్లు తీసెయ్యి. అప్పటికీ తగ్గకపోతే ఫార్మాట్ చేద్దాం" అన్నాడు బావమరిది. ఆ సాయంత్రం కూడా లాప్‌టాప్ రగ్గులోకే వెళ్లింది. దుప్పటి మీద పెట్టకూడదన్నాడు గాని, దుప్పటి కింద పెట్టకూడదనలేదు కదా అని సర్ది చెప్పుకున్నట్టు గుర్తు.

చెత్త ఏదో వెతుకుతుంటే పెళ్లి వీడియోలు కనబడ్డాయి. పై ఊళ్లలో నెట్ అందదు. అందుకని ఊళ్లవాళ్లు ఫోన్ కార్డులూ పెన్‌డ్రైవులూ ఆమె చేతికిచ్చి పంపేవాళ్లు. ఒక ఊరి పెళ్లి ఇంకో ఊళ్లో చుట్టాలకి చేర్చాలంటే అదే దారి. ఆ రోజు కాఫీ సంచులు దింపడానికి వచ్చినవాళ్లు నలుగురైదుగురు గదిలో ఉన్నారు. వాళ్ల ముందే ఆమెని పిలిచాను.

"ఇదేంటమ్మా?"

"పెళ్లి సార్. మా పిన్ని కూతురిది."

"ఇది?"

"అదీ పెళ్లే."

"ఇది ఆఫీసు లాప్‌టాపా, కల్యాణ మండపమా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వింది. "ఉండండి సార్, ఆల్లకింకా ఇవ్వలేదు. కార్డులో ఎక్కించి తీసేత్తాను" అంది.

"అక్కర్లేదు" అని అన్నీ నేనే తీసేశాను. నా సినిమాలు 'రిపోర్టులు' అని పేరు పెట్టుకున్న ఫోల్డర్లో ఉన్నాయి. వాటి జోలికి పోలేదు.

లాప్‌టాప్ మాత్రం బాగుపడలేదు. పడే దారి లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు విసుగు, పైనుంచి ఒత్తిడి. ధ్రువపత్రం వాళ్లకి పట్టికలు పంపాలి. ఒక మధ్యాహ్నం బావమరిదికి ఫోన్ చేసి ఫార్మాట్‌కి దిగాను. "ముఖ్యమైనవన్నీ వేరే చోట దాచుకున్నావా?" అని వాడు అడిగాడు. దాచానన్నాను. పట్టికలు దాచాను, రిపోర్టులు దాచాను. ఫొటోలు ఆమె అదే లాప్‌టాప్‌లో వేరే ఫోల్డర్లో పెట్టుకుంది. ఏ ఫోల్డరో నేను అడగలేదు. ఆ రోజు ఆమె సెలవు. కొడుక్కి ఒంట్లో బాగాలేదు. పైన సిగ్నల్ ఉండదు. మర్నాటి దాకా ఆగితే సరిపోయేది. ఆగలేదు.

ఫొటోలన్నీ పోయాయి. ఆమె నిలబెట్టిన మనుషులందరూ పోయారు. ఫార్మాట్ అయిన కాసేపటికి లాప్‌టాప్ మళ్లీ అదే మూలుగు మొదలుపెట్టింది.

మా సంఘం ప్రెసిడెంటు చింతపల్లి వైపు రైతు, పెద్దాయన. కమిటీని పిలిచి అడిగాడు. "ఏటయింది బాబూ? ఫొటోలెలా పోయాయి?"

"వైరస్ వచ్చింది. పెన్‌డ్రైవులు పెట్టడం వల్ల" అన్నాను. ఏ వైరసూ లేదని ఆ యంత్రమే నాకు చెప్పింది.

"ఎవులు పెట్టేరు?"

నేను ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పలేదని చాలాకాలం నన్ను నేను సమర్థించుకున్నాను. ఆమె వైపు చూశాను, అంతే. గదిలో అందరూ ఆమె వైపే చూశారు. కల్యాణ మండపం మాటకి నవ్వినవాళ్లూ అక్కడ ఉన్నారు. ఆమె నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. వీడియోలు పెట్టిన మాట నిజమే కదా, ఏమని కాదంటుంది?

కంప్యూటర్ పనికి కిందనుంచి వేరే మనిషిని తీసుకున్నారు. కొత్త లాప్‌టాప్ కొన్నారు. ఫొటోలు మళ్లీ తీసే పని ఆమెకి పడింది. బయల్దేరే ముందు నేనే ఆమెని పక్కకి పిలిచి చెప్పాను. "ఊళ్లో అడిగితే సంఘం మీదకి రానివ్వకు. నీ చేతిలోనే పొరపాటున పోయాయని చెప్పు. నీ మాటైతే వింటారు." తలూపింది. ఆ మాట ఆమెకి ఏం చేస్తుందో నాకు తెలియకపోలేదు. ఆలోచించలేదని చెప్పగలను గాని తెలియదని చెప్పలేను.

ఒకసారి తీసిన ఫొటో మళ్లీ తీస్తామంటే ఆ ఊళ్లలో ఏమనుకుంటారు? మొదటివి ఎవరికో అమ్మేసిందనుకున్నారు. కొందరు గనుల కంపెనీ అన్నారు, కొందరు హోటళ్లు కట్టేవాళ్లన్నారు. 'మీ గుంటనే కదా' అన్న మాటని వెక్కిరింపుగా ఆమెకే తిప్పి కొట్టారు. ఒక ఊరు మొత్తం గట్టెక్కనంది. ఆమె సొంత మేనమామ, మొదటిసారి అందరికంటే ముందు నిలబడినవాడు, ఈసారి ఆమె వస్తుంటే తోటలోంచి లేచి వెళ్లిపోయాడు. ఇవన్నీ నాకు ముక్కలు ముక్కలుగా తెలుస్తూనే ఉన్నాయి. ఇటుకల పండగ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా తాడు పట్టి, బళ్లు ఆపి, పాట పాడి చిల్లర అడుగుతారు. ఆమె ఊరి మలుపులో మా జీపునీ ఆపారు. ఏటా తాడు పట్టే చేతుల్లో ఆమెవీ ఉండేవి. ఆ ఏడు లేవు. నేను చిల్లర ఇచ్చి, నవ్వి, ముందుకి పొమ్మన్నాను.

పాత లాప్‌టాప్‌ని ఎవరూ పట్టించుకోకపోతే ఎండాకాలంలో ఇంటికి తెచ్చాను, పిల్లలు ఆడుకుంటారని. కోటలో ఉక్క. అది ఇంకా తొందరగా వేడెక్కి ఆగిపోయేది. ఒక ఆదివారం చేసే పని లేక, కుట్టుమిషన్ పెట్టెలోని చిన్న స్క్రూడ్రైవర్‌తో అడుగు విప్పాను. ఫ్యాను పక్కన గాలి వెళ్లే సందు నిండా ఎర్రటి ముద్ద ఒకటి పట్టుకుని ఉంది. గోరుతో లాగితే చాపముక్కలా ఊడి వచ్చింది. మా ఆవిడ బియ్యం ఏరుతూ అటు చూసింది.

"ఏటండీ అది?"

"ఏమో."

చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. "మీ రగ్గే కదా ఇది! ఉతికితే బకెట్టు నిండా ఇదే నూగు. కంప్యూటర్‌లోకి ఎలా ఎల్లింది?"

మా ఆవిడ నా మొహం చూసి, లాప్‌టాప్ కేసి చూసి, మంచం మీద మడత పెట్టి ఉన్న రగ్గు కేసి చూసి, బియ్యం చాట పక్కన పెట్టేసి పొట్ట పట్టుకుని నవ్వింది. ముద్ద తీసి, దులిపి, బిగించి ఆన్ చేస్తే లాప్‌టాప్ కొన్ననాటిలా పరిగెత్తింది. నేనూ నవ్వాను. కాని నవ్వుతూనే లోపల ఎక్కడో చల్లబడిపోయాను. పెన్‌డ్రైవు కాదు. పెళ్లిళ్లు కాదు. ఆమె కాదు.

కొండెక్కాక ప్రెసిడెంటుకి చెప్పాలనే అనుకున్నాను. ఆఫీసులో మనుషులున్నారు. మొదలుపెట్టడమే నవ్వులాటగా మొదలుపెట్టాను, అలా అయితే చెప్పడం తేలికని. రగ్గు, చలి, ఒళ్లో కుంపటి, మా ఆవిడ బియ్యం చాట. పెద్దాయనకి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వొచ్చింది. "మా కొండ సలి నీ సేత ఎంత పని సేయించింది బాబూ!" అన్నాడు. ఎవరైనా ఆగి, మరి ఆ గుంటని ఎందుకు తీసేశామని అడుగుతారేమో అని ఒక్క నిమిషం చూశాను. ఎవరూ అడగలేదు. అడగలేదు కదా అని నేను చెప్పలేదు. అక్కణ్నుంచి ఆ కథ బయల్దేరింది.

వానలు పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె ఆఫీసుకి వచ్చింది. ఫోన్లో ఫొటోలు కొత్త లాప్‌టాప్‌లోకి ఎక్కించి, వెళ్లకుండా గుమ్మం దగ్గర నిలబడింది. గొడుగులోంచి నీళ్లు కారుతున్నాయి.

"సార్, రగ్గు కత ఇన్నాను."

"నవ్వొచ్చిందా?" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"నవ్వొచ్చింది. ఇంట్లో కూడా సెప్పేను. మా ఆయన ఒకటే నవ్వు. నవ్వి నవ్వి ఆకర్న అడిగేడు, మరైతే నువ్వేటి సేసేవని నిన్ను మళ్లీ కొండలెక్కించేరు అని. నాకు జవాబు తెలీలేదు. మీకు తెలుసునేమో అని వచ్చేను."

కొత్తగా వచ్చిన కంప్యూటర్ మనిషి తల వంచుకుని టైపు చేస్తున్నట్టు నటించాడు. నేను లేచి బయట అరుగు మీదకి వచ్చాను. ప్రెసిడెంటుకి చెబుతాననీ, ఆమె పని ఆమెకి వచ్చేలా చూస్తాననీ అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆమె వింది.

"పని తరవాత సార్. ఆపీసులో నాకేటీ పోలేదు, రోజూ కూచునే కుర్చీ పోయింది, అంతే. ఊళ్లో పోయింది. ఊళ్లో వచ్చి సెప్పండి."

"వస్తాను."

"ఎప్పుడు?"

"వానలు తగ్గనీ."

వానలు తగ్గాయి. కాఫీ పళ్లు ఎర్రబడే రోజులొచ్చాయి, తూకాలనీ లోడ్లనీ మళ్లీ వాయిదా వేశాను. ఆమె మళ్లీ అడగలేదు. ఫొటోలు తెచ్చి ఇచ్చి వెళ్లేది. అడగకుండా గుమ్మం దాటి వెళ్లిపోవడం చూడలేక ఒక రోజు ప్రెసిడెంటుకి అంతా చెప్పేశాను. ఆయన ఈసారి నవ్వలేదు. "పొరపాటు ఎవడైనా సేత్తాడు. ఆ పిల్ల సేత అబద్దం సెప్పించేవు సూడు, అది పొరపాటు కాదు" అన్నాడు. కుర్చీ సంగతి కమిటీ చూసుకుంటుందన్నాడు. ఇంకా చూస్తూనే ఉంది.

ఆ వారమే షేర్ జీపు దిగి ఆమె ఊరికి నడిచాను. కాఫీ ఆరబోసిన కళ్లం పక్కన జనం కూర్చున్నారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. మేనమామ వెనక వరసలో చుట్ట కాలుస్తున్నాడు. ఆ ఊళ్లలో మీటింగుకి ఒక పద్ధతి ఉంది. తెలుగులో చెప్పిన ప్రతి మాటా ఆగి, ఊరి మనిషి ఒకరు కువిలో మళ్లీ చెప్పాలి. తెలుగు వచ్చినవాళ్లున్నా అలా చెప్పాకే మాట ఊరందరికీ చేరినట్టు లెక్క. ఇన్నేళ్లూ నా మాటలు చెప్పింది ఆమే. అలవాటుగా ఒక వాక్యం చెప్పి ఆమె వైపు చూశాను. ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. లేవలేదు.

"నాను సెప్పను సార్. నా మాట నానే సెప్పుకుంటే, ఇదీ కట్టి సెప్పిందే అంతారు."

చెప్పగలిగిన కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఎవరూ కదల్లేదు. మేనమామ చుట్ట తీసి, తెలుగులోనే అన్నాడు.

"ఇన్నేళ్లు మా ఊరు తిరిగేవు కదా బాబూ. నీకొచ్చినంత నువ్వే సెప్పు."

నాకు వచ్చిన కువి ఏమిటో అప్పుడు తెలిసింది. ఎన్ని మొక్కలు, ఎప్పుడు కోశారు, సంచి ఎక్కడ, బేగి తెండి. అడగడం, పురమాయించడం. వాళ్లని ఏదైనా అడిగేందుకే నేర్చుకున్నాను గాని, వాళ్లకి ఏదైనా చెప్పుకునేందుకు నేర్చుకోలేదు. ఉన్న మాటలే అటూ ఇటూ పేర్చాను. ఫొటోలు ఆమె పోగొట్టలేదు. నేను పోగొట్టాను. ఎవరికీ ఇవ్వలేదు. ఎవరికీ అమ్మలేదు. నా ఉచ్చారణకి పిల్లలు కిసుక్కుమన్నారు. ఆమె చేత చెప్పించిన మాట నాదని చెప్పాలి. దానికి మాట లేదు. చివరికి తెలుగులో "అబద్ధం" అన్నాను. ముందు కూర్చున్న ముసలామె అదేమిటని పక్కవాళ్లని అడిగింది. ఎవరూ చెప్పలేదు.

అప్పుడు ఆమె, నా వైపు చూడకుండా, కువిలో ఆ ఒక్క మాట అందించింది. నేను అందుకుని పలికాను. సరిగ్గా రాలేదేమో, మళ్లీ పలకమన్నట్టు ముసలామె చెవి ఒగ్గింది. మళ్లీ పలికాను.

రగ్గు మాట ఎత్తలేదు.

మేనమామ లేచి నిలబడ్డాడు. "మరి ఆ మొదటి పొటోలు ఇప్పుడెక్కడున్నాయి?"

"ఎక్కడా లేవు. చెరిగిపోయాయి."

"ఎవులు సెరిపేరు?"

"నేను."

"నువ్వే?"

"నేనే."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నమ్మాడో, ఇది ఇంకో ఎత్తనుకున్నాడో చెప్పలేను. అలా చూసే హక్కు ఆయనకుంది. తర్వాత మేనకోడలి వైపు తిరిగి కువిలో ఏదో అన్నాడు. మళ్లీ అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. ఆమె లేచి, చీర కుచ్చిళ్లకి అంటిన కాఫీ పొట్టు దులుపుకుని, వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. ఆయన చుట్ట మళ్లీ వెలిగించుకున్నాడు.

నేను వెళ్తుంటే కళ్లం చివరిదాకా ఆమె వచ్చింది. నాకు ఏదో అనాలనిపించింది. ఆమె నన్ను అననివ్వలేదు.

"పై ఊరు ఉంది కదా సార్, గట్టెక్కనన్నోళ్లు. ఆల్లు ఎల్లుండి సంతకి పోరు, ఊళ్లోనే ఉంతారు. పొద్దున్నే బయల్దేరండి. ఎండెక్కితే మీరు నడవలేరు."

"నువ్వూ వస్తావా?"

"నానెందుకు సార్?" అంది. "దారి మీకు తెలుసు."